తెల్లకోడిలో ఉప్పు

"కాలు ముక్కలు ఎక్కువ వెయ్యనా, క్యాంటీనమ్మా?" అని అడిగాడు చికెన్ కొట్టు అతను, కత్తి తుడుచుకుంటూ.

"కాళ్లూ తొడలే వెయ్యి. రొమ్ము ముక్కయితే పీచుపీచుగా అయిపోతుంది."

"అయితే తెల్లకోడి అన్నమాట! ఎవరొస్తున్నారేంటి?"

"పాపాయీ, అల్లుడూ."

"ఆవిడ ఇంకా పాపాయేనా? మొన్న మా ఆవిడని ఆసుపత్రిలో చేరిస్తే, వార్డు వార్డంతా మీ పాపాయికి గడగడలాడుతోంది. నేను కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను!"

ఆవిడ నవ్వింది. కూతురికి నలభై దాటినా, ఆసుపత్రిలో సీనియర్ నర్సు అయినా, ఇంట్లో పాపాయే. తను క్యాంటీన్ మూసేసి ఏళ్లు గడిచినా ఈ వీధికి క్యాంటీనమ్మే. కొన్ని పేర్లు ఒకసారి అంటుకుంటే వదలవు.

సబ్బుల ఫ్యాక్టరీ ఎదురుగా ఆవిడా, వాళ్లాయనా కలిసి నడిపిన క్యాంటీన్ అది. అక్కడ రోజూ చాలా వంటలు ఉండేవి కానీ జనం క్యూ కట్టింది ఒక్కదానికే. కోడి ముక్కల్ని వెన్నలో ఎర్రగా వేయించి, ఆ ఊటతోనే అన్నం వండి, పైన వెల్లుల్లి, క్రీమ్, సన్నగా తరిగిన ఆకులతో చేసిన సాసు చిక్కగా పోసేవారు. దానికి తెల్లకోడి అని పేరు పెట్టింది ఫ్యాక్టరీ వాళ్లే. సబ్బు వాసన వేసే చేతులతో కంచం అంచులు కూడా తుడుచుకుని తినేవారు. ఆ చేతి రుచిని మెచ్చుకోని మనిషి లేడు. ఆ రుచి ఎలా ఉంటుందో తెలియని మనిషి మాత్రం ఆ వీధిలో ఒక్కరే ఉన్నారు. అది వండిన ఆవిడే.

పాపాయి పుట్టిన కొత్తలో ఆవిడకి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ప్రాణం నిలబడింది, కానీ ముక్కూ నాలుకా రెండూ పోయాయి. వాసన తెలియదు, రుచి తెలియదు. నోట్లో ఏది పెట్టుకున్నా వేడో చల్లనో, మెత్తనో గట్టో, అంతే. అప్పటికి క్యాంటీన్ తెరిచి ఏడాది కూడా కాలేదు. ఆవిడ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తుంటే ఆయన పక్కన కూర్చుని అన్నారు: "ఎవరికీ చెప్పకు. నాలుక లేని మనిషి వండిందంటే ఎవరు తింటారు? నాకొకటి ఉందిగా, ఇద్దరికీ అదే."

అప్పట్నుంచి అదే పద్ధతి. ఆవిడ వండేది. చెంచాతో తీసి, ఊది, ఆయన నోటికి అందించేది. ఆయన "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం వేసేది. "సరిపోయింది" అంటే గిన్నె దించేది. పాపాయికి చెప్పలేదు. చిన్నపిల్ల, బడిలో ఎవరితోనైనా అనేస్తుందని భయం. పెద్దదయ్యాక చెప్పాల్సిన అవసరమే కనిపించలేదు. నాన్న అమ్మ వంటని ముందుగా రుచి చూడటం ఆ పిల్లకి ముచ్చటగా ఉండేది. పెళ్లయ్యాక మొగుడితో కూడా అంది, "మా నాన్నని చూసి నేర్చుకోండి" అని.

ఆయన పోయి నాలుగు నెలలైంది. గుండె జబ్బు. ఆయనతో పాటే ఆవిడ నాలుక కూడా పోయింది.

ఆ తర్వాత జరిగినవన్నీ వరసగా పాపాయి కంట్లోనే పడ్డాయి. ఒకరోజు పులిసిపోయిన క్రీమ్‌తో సాసు చేసి పెట్టింది. ఇంకోరోజు పాపాయి తలుపు తీసేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. ఆవిడ ఆ వాసన మధ్యలోనే కూర్చుని తాపీగా వెల్లుల్లి ఒలుచుకుంటోంది. పాపాయి పరుగున వెళ్లి స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, తల్లిని బయటికి లాక్కొచ్చింది. ఆ రోజు ఆ పిల్ల మొహం పాలిపోయి ఉండటం ఆవిడకి ఇప్పటికీ గుర్తే. పోయిన ఆదివారం రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపి, మెల్లగా అంది: "అమ్మా, ఇలాంటివాళ్లని నేను రోజూ చూస్తాను. మొదట్లో ఇలాగే ఉంటుంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే స్టవ్ తీయించేస్తాను. మా ఇంటికి దగ్గర్లో పెద్దవాళ్లని చూసుకునే చోటు ఉంది, మంచిది. అక్కడ వంటపని ఉండదు."

వంటపని ఉండదట. అదేదో వరమిచ్చినట్టు చెప్పింది!

నిజం చెప్పేస్తే పోయేది కదా అని ఎవరైనా అనొచ్చు. ఆవిడా అనుకుంది, చాలా రాత్రుళ్లు అనుకుంది. కానీ మతి పోయిందన్నా, నాలుక పోయిందన్నా చివరికి స్టవ్ ముందు నుంచి లేపేసేవాళ్లే కదా. పైగా ఆయనకిచ్చిన మాట ఉంది. అందుకే ఈసారి పాపాయి ఫోన్ చేసి, "గురువారం ఇద్దరం వస్తాం, తిన్నాక కూర్చుని మాట్లాడుకోవాలి" అనగానే ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. తెల్లకోడి చేస్తుంది. కళ్లు మూసుకుని చేసే వంట. అది సరిగ్గా కుదిరితే అమ్మ మతికి ఢోకా లేదని ఆ పిల్లే ఒప్పుకుంటుంది.

మధ్యాహ్నం నుంచీ ఆవిడ వంటింట్లోనే ఉంది. ముక్కలు కడిగి, తడి లేకుండా బట్టతో అద్దింది. క్రీమ్ ప్యాకెట్ మీద తేదీని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు సన్నగా తరిగింది. వెన్న బుడగలు తగ్గి సద్దుమణిగాక ముక్కల్ని చర్మం వైపు కిందకి పెట్టి, అవి చేసే చప్పుడు వింది. చప్పుడు సన్నబడితే తిప్పాలి. వెల్లుల్లి గోధుమరంగులోకి తిరక్కముందే పిండి చల్లాలి. సాసు గరిటె వెనక పూతలా నిలబడాలి, వేలితో గీత గీస్తే గీత ఉండాలి. ఆకులు మాత్రం మంట ఆర్పాకే, లేదంటే నల్లబడతాయి. ఇవన్నీ కంటికీ చెవికీ చేతికీ తెలిసిన పనులు. ఎక్కడా తడబడలేదు.

ఉప్పు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

క్యాంటీన్ రోజుల్లో ఇంతమందికి ఇంత అని ఆవిడ వేళ్లకి ఒక లెక్క ఉండేది. అది ఆయన చివరి ఏడాదిలో చెదిరిపోయింది. డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఆవిడ తగ్గించింది. ఆయన చెంచా నోట్లో పెట్టుకుని, "ఇంకొంచెం" అన్నారు. "డాక్టరు వద్దన్నాడుగా" అంటే, "వద్దన్నంత వెయ్యమనట్లేదులే, తగ్గించే అడుగుతున్నా. మరీ గడ్డిలా ఉంది" అన్నారు. ఒక నెల గడిచాక మళ్లీ "ఇంకొంచెం." తర్వాత మళ్లీ. చిటికెలు కాస్తా చెంచాలయ్యాయి. ఇదేంటి ఇంత పడుతోంది అని ఆవిడ చేతికి అనుమానం రాకపోలేదు. ఉప్పులో ఉప్పదనమే లేదని కిరాణా కొట్టువాడితో పోట్లాడి ప్యాకెట్ మార్చుకొచ్చింది కూడా. ఆయన నాలుకని అనుమానించడం మాత్రం ఆవిడకి తట్టలేదు. నలభై ఏళ్లుగా ఒక్కసారి కూడా తప్పని నాలుక అది.

ఇప్పుడు గోడ మీద ఆయన ఫోటో వైపు చూసింది. చివరిసారి ఈ వంట చేసినప్పుడు ఎంత వేస్తే "సరిపోయింది" అన్నారో గుర్తుంది. అంతే వేసింది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. అల్లుడికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎవరినీ నొప్పించని మనిషి, చత్వారం వచ్చినవాళ్లతో కూడా "ఏముందండీ, అక్షరాలే చిన్నవి వేస్తున్నారు" అనే రకం. గుమ్మంలోనే, "అబ్బ, వాసన మెట్ల దాకా వచ్చింది అత్తయ్యా" అన్నాడు. పాపాయి మాత్రం సరాసరి వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ కట్టి ఉందో లేదో చూసొచ్చింది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

వడ్డించింది. అన్నం పొడిపొడిగా ఉంది. ముక్కలు ఎర్రగా వేగాయి. తెల్లటి సాసులో ఆకులు పచ్చగా మెరుస్తున్నాయి. పాపాయి కంచం చూసి ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేసింది. "అచ్చం అప్పట్లోలా ఉందమ్మా" అంది. ఆ మాటతో ఆవిడ గుండె నిండిపోయింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న అల్లుడు, నమలడం ఆపి, మింగి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు. గ్లాసు ఖాళీ చేసి, "బాగుంది అత్తయ్యా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

పాపాయి చెంచా కింద పెట్టేసింది. "అమ్మా, ఇందులో ఎంత ఉప్పు వేశావు?"

"ఎప్పుడూ వేసినంతే."

"ఎవరైనా ఇంత వేస్తారా? నోట్లో పెట్టుకోలేకపోతున్నాం!"

"నేను సొంతంగా ఏమీ వెయ్యలేదు. మీ నాన్న చెప్పినంతే వేశాను."

అన్నాక గానీ ఆవిడకి అర్థం కాలేదు, ఏమన్నదో. అప్పటికే కూతురూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపాయి కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చి, తల్లి చేతిమీద చెయ్యి వేసింది. గొంతు మార్చింది. పేషెంట్ల దగ్గర వాడే మెత్తటి గొంతు.

"అమ్మా, నాన్న నీతో మాట్లాడుతున్నాడా? ఇవాళ మాట్లాడాడా?"

"చెయ్యి తియ్యి."

"కోప్పడకు. ఊరికే అడుగుతున్నా. ఇవాళ ఏ వారమో చెప్పు?"

"గురువారం. నీకు నైట్ డ్యూటీ లేని రోజు. మీ ఆయన దుకాణం పెందరాళే కట్టేసే రోజు. ఇంకేం చెప్పమంటావు, నీ పురుడు ఎవరు పోశారో చెప్పనా?"  ఆయనకిచ్చిన మాట, ఇన్నేళ్ల గుట్టు, అన్నీ ఒక్కసారిగా నోట్లోకొచ్చేశాయి. "నా మతి పోలేదే. పోయింది నా నాలుక! నువ్వు పుట్టిన ఏడాదే పోయింది. ముక్కు కూడా. ఇన్నేళ్లూ మీ నాన్న రుచి చూసి చెబితే వండాను. ఇప్పుడాయన లేరు. చూసి చెప్పేవాళ్లు లేక ఇలా తగలడుతోంది."

 క్యాంటీన్ వెనక గదిలో ఆ చెంచా, ఊదడం, అందించడం, చిన్నప్పట్నుంచీ చూసినవన్నీ ఆ పిల్ల కళ్ల ముందు తిరుగుతున్నాయని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఉన్నట్టుండి ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో తల్లిని కౌగిలించుకుంది.

"అందుకా క్రీమ్... అందుకా గ్యాస్ వాసన తెలియంది... చెప్పొచ్చు కదే అమ్మా! నేను నీకేదో అయిపోతోందని రాత్రుళ్లు నిద్రపోవట్లేదు తెలుసా?"

"అమ్మయ్య, చిన్న సమస్యే అత్తయ్యా" అన్నాడు అల్లుడు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. కాసేపు ఆ గదిలో పండగలా అనిపించింది. స్టవ్ ఎక్కడికీ పోదని ఆవిడకి అర్థమైంది. చెప్పేస్తే ఇంత సుఖంగా ఉంటుందా అనుకుంది.

ఆ సుఖం ఎంతోసేపు లేదు. పాపాయి చేతులు మెల్లగా వదులయ్యాయి. వెనక్కి జరిగి, కంచం వంక చూసింది. తర్వాత తల్లి వంక చూసింది.

"నాన్న చెప్పినంత అన్నావు. ఎప్పుడు చెప్పినంత?"

"చివర్లో."

"చివర్లో అంటే... జబ్బు పడ్డాకా?"

ఆవిడ చీర చెంగుతో కంచం అంచు తుడవసాగింది.

"నాన్నకి వేరే వండేదానివి కదా? నేను అడిగాను. ఉప్పు తగ్గించావా అని అడిగితే తగ్గించానన్నావు."

"వేరే ఎందుకే? ఆయనే రుచి చూసి చెప్పేవారుగా. తగ్గించే అడుగుతున్నా అనేవారు."

"నాన్నకిచ్చిన ఆ గుండె మాత్రలు వేసుకుంటే కొంతమందికి నాలుక చచ్చిపోతుందమ్మా" అంది పాపాయి. గొంతులో తడి ఆరిపోయింది. "ఉప్పు ఎంత వేసినా తెలియదు. ఎంత వేసినా!"

కొట్టువాడి మొహం మీదకి విసిరేసిన ఉప్పు ప్యాకెట్ ఆవిడకి గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయన మొహం గుర్తొచ్చింది. చివరి రోజుల్లో చెంచా నోట్లో పెట్టుకుని ఆయన చాలాసేపు కళ్లు మూసుకునేవారు. తెరిచాక వెంటనే చెప్పేవారు కాదు, ఆవిడ మొహంలోకి చూసేవారు. ఎందుకలా చూస్తారు అంటే నవ్వేవారు. ఏమీ తెలియక "ఇంకొంచెం" అన్నారు. అప్పటికీ తెలియక, ఇక అడగడానికి భయమేసి "సరిపోయింది" అన్నారు. తన నాలుక కూడా పోయిందని చెబితే ఆ రోజే ఈవిడ స్టవ్ ఆరిపోతుంది. అందుకే చెప్పలేదు.

"కాళ్లు వాచిపోయాయి" అంటోంది పాపాయి. "పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. ఎన్ని మందులిచ్చినా నీరు తగ్గట్లేదేంటని డాక్టరు తల పట్టుకున్నాడు. ఇక్కడ నువ్వు పూటపూటా... చెంచాతో ఊది మరీ..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. లేచి తలుపు ధడాల్న వేసుకుని మెట్ల మీదకి వెళ్లిపోయింది.

అల్లుడు కంచం ముందు తల దించుకుని కూర్చున్నాడు. "నాకు తెలుసు అత్తయ్యా" అన్నాడు మెల్లగా. "ఉప్పెక్కువని. ఏడాదిగా తెలుసు. వచ్చినప్పుడల్లా బాగుంది అంటూనే ఉన్నాను. మీరు బాధపడతారని."

ఆవిడ విన్నదో లేదో. కంచంలోది ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఇంకో ముద్ద పెట్టుకుంది. మూడో ముద్దకి అల్లుడు లేచి కంచం లాగేశాడు. "వద్దండీ, వద్దు" అంటూ ఏడ్చేశాడు.

చీకటి పడ్డాక తలుపు తెరుచుకుంది. పాపాయి కళ్లు వాచి ఉన్నాయి. వచ్చి తల్లి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది.

"ఆదివారం ఆదివారం నేనూ ఇక్కడే తిన్నాను" అంది. "ఒకే గిన్నెలోంచి నాన్నకి వడ్డించడం నా కళ్లతో చూశాను. నేను నర్సునమ్మా. ఊరందరికీ ఉప్పు తగ్గించండని పాఠాలు చెబుతాను. అమ్మకి మతి తప్పుతోందేమో, అందుకే ఇంత వేస్తోందేమో అనిపించింది. అడిగితే అది నిజమైపోతుందని భయమేసింది. మిగతా రోజుల్లో నాన్నకి వేరే ఉందిలే అనుకుని కళ్లు మూసుకున్నాను. నిన్నొక్కదాన్నే అనడానికి నాకు నోరెలా వచ్చింది?"

ఆవిడ కూతురి తలమీద చెయ్యి వేసింది. అడిగింది: "ఉప్పు తగ్గి ఉంటే ఆయన ఉండేవారా?"

అల్లుడు పెళ్లాం వంక చూశాడు. లేదనెయ్యి, అన్నట్టుంది ఆ చూపు. పాపాయి చాలామంది పేషెంట్ల ఇంటివాళ్లకి అలా చెప్పే ఉంటుంది. ఆ ఒక్కమాట అనేస్తే ఈ పూట గడిచిపోతుంది.

"గుండె అప్పటికే పాడైపోయిందమ్మా. కానీ ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో" అంది పాపాయి.

ఆ మాట ఆవిడని నిలువునా కోసేసింది. అయినా కూతురి జుట్టు మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ ఇంట్లో ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని చెప్పుకున్న అబద్ధాలన్నిటి తర్వాత, మొదటిసారి ఎవరో ఉన్నదున్నట్టు చెప్పారు.

కాసేపటికి ఆవిడే లేచింది. గిన్నెలో మిగిలిందంతా పారేసి, తోమి, మళ్లీ స్టవ్ మీద పెట్టింది. "అల్లుడు ఆకలితో ఉన్నాడు. కాసిని ముక్కలున్నాయి, సగం ప్యాకెట్ క్రీమ్ ఉంది" అంది గోడకి చెబుతున్నట్టు. పాపాయి వచ్చి పక్కన నిలబడి వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. వెన్న సద్దుమణిగింది. ముక్కలు వేగాయి. సాసు గరిటె వెనక నిలబడింది.

ఆవిడ ఉప్పు డబ్బా తీసి కూతురికిచ్చి, అరచెయ్యి చాచింది. "ఎంతో ఇందులో వెయ్యి. నా చేతికి మళ్లీ నేర్పు."

పాపాయి వేళ్లతో కాస్త తీసి తల్లి అరచేతిలో వేసింది.

"ఇంకా వెయ్యి."

"అంతేనమ్మా."

ఆవిడ దీపం కిందకి చెయ్యి జరిపి చూసుకుంది. అరచేతి గీతల్లో కనిపించీ కనిపించని నాలుగు రవ్వలు.

"ఇంతేనా?" అంది. ఆయన పోయిన రోజు కూడా ఏడవని మనిషి గొంతు పగిలిపోయింది. "ఇంతేనా పాపాయీ? ఇంతే వెయ్యాల్సింది?"

పాపాయి అవునని తలూపింది. తల్లి చేతిని తన రెండు చేతులతో మూసి పట్టుకుని, అలాగే గిన్నె మీదకి తీసుకెళ్లింది.